బాటి అంటే బాట కాదు



నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి ముందు చెబుతాను. జహీరాబాద్‌లో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, మరో రెండు కిలోమీటర్లు చెరకు తోటల మధ్య నడిస్తే వచ్చే బడి. ఒకటో తరగతి పిల్లలకు బొమ్మల అట్టలు చూపించి పేర్లు చెప్పిస్తున్నాను. ఆవు అయింది, చెట్టు అయింది, నాగలి అయింది. జొన్నరొట్టె బొమ్మ తీశాను. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న తండా పిల్ల ఒకతె, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడనిది, చటుక్కున లేచి "బాటి" అంది.

"బాట కాదమ్మా, మంచిగ చూడు" అన్నాను.

మళ్లీ "బాటి" అంది. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

"బాట అంటే మనం నడిచే తొవ్వ. ఇది రొట్టె. ఏదీ, రొట్టె అను."

తరగతి అంతా నవ్వింది. పిల్ల కూర్చుంది. దీపావళి దాకా మళ్లీ నోరు విప్పలేదు. దీపావళి వెళ్లాక అమ్మానాయనలతో పాటు చెరకు కొట్టడానికి వెళ్లిపోయింది.

లంబాడీ భాషలో రొట్టెను బాటి అంటారు. ఈ ముక్క నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఒక పెళ్లికి తండాకు వెళ్తే, ఒక ముసలమ్మ నా చేతిలో వేడి రొట్టె పెట్టి ఆ మాట అంది. రొట్టె చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల చెప్పిన జవాబు నూటికి నూరుపాళ్లు ఒప్పు. తప్పు కొట్టింది నేను.

నేటి బడుల్లో టీచర్లకు, పిల్లలకు ఎదురవుతున్న సమస్యల గురించి రేడియోలో మాట్లాడమన్నారు నన్ను. ఇట్లాంటి ప్రసంగాల్లో ఏమేం వస్తాయో మీకూ తెలుసు. గదులు చాలవు, టీచర్లు చాలరు, పిల్లల చేతుల్లో ఫోన్లు, పెద్దల చేతుల్లో ర్యాంకుల జాబితాలు. అవన్నీ ఉన్నవే, కాదనను. కానీ ఈ ప్రాంతపు బడుల్లో ఇన్నేళ్లు పనిచేసిన మనిషిగా నాకు అన్నిటికన్నా ముందు కనపడేది వేరు. టీచరు మాట పిల్లకు అందదు, పిల్ల మాట టీచరుకు అందదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు.

జహీరాబాద్ బస్టాండులో ఒక గంట నిలబడితే చాలు, సంగతి అర్థమవుతుంది. టీ కొట్టు దగ్గర ఉర్దూ, కూరగాయల గంపల దగ్గర తెలుగు, బీదర్ బస్సు కిటికీ దగ్గర కన్నడం, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి గుడికి వచ్చినవాళ్ల నోట మరాఠీ, మూటలు పెట్టుకుని కింద కూర్చున్నవాళ్ల నోట లంబాడీ. బీదర్ ఇక్కడికి ముప్పై కిలోమీటర్లే. కండక్టర్ ఈ భాషలన్నిట్లోనూ టికెట్ కొట్టగలడు. ఈ ఊరి గురించి నాకు ఎప్పుడూ ముచ్చటేసే విషయం అది.

ఇది ఇట్లా ఎందుకుందో చరిత్రలో ఉంది. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్ బీదర్ జిల్లాలో ఒక తాలూకా. హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల లెక్కన విడదీసినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. నిర్ణా సర్కిల్ తప్ప మిగిలిన జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా మాత్రం మెదక్ జిల్లాలో చేరాయి. 2016లో జిల్లాలు మళ్లీ విడిపోయి మనం సంగారెడ్డి జిల్లా అయ్యాం. 1956 నాటి మార్పంతా రాష్ట్రాల పునర్విభజన చట్టంలో ఒకటి రెండు వాక్యాలు. ఊళ్లు ఇటు వచ్చాయి, వాటితో పాటు వాటి కన్నడమూ వచ్చింది.

ఆ 1956 నవంబరు 1నే ఇంకొకటి జరిగింది. రాజ్యాంగానికి ఏడో సవరణ ఆనాడే అమల్లోకి వచ్చింది. దాంతో 350ఎ అనే అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలోనే చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని దాని సారాంశం. సర్కారు కాగితాలు చదివే అలవాటున్నవాళ్లకు "ప్రయత్నించాలి" అన్న మాటలో ఎంత జాగా ఉందో చెప్పక్కర్లేదు.

మా తాత ఉర్దూలో చదువుకున్నాడు. నిజాం కాలంలో పెద్ద తరగతుల చదువు చాలామటుకు ఉర్దూలోనే. ఉస్మానియా యూనివర్సిటీయే 1918లో ఉర్దూ మాధ్యమంగా పుట్టింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, భూమి పహాణీ రాసుకునేది ఉర్దూ. మా నాయన, నేను తెలుగు మీడియం. నా మనవరాలు ఇంగ్లీషు మీడియం. ఇంట్లో మాట మారలేదు, బడి మాటే మారుతూ వచ్చింది. తెలుగిల్లు కాబట్టి మధ్యలో మాకు కొన్నాళ్లు రెండూ కలిశాయి. తండా ఇంటికి ఆ భాగ్యం ఒక్క తరంలోనూ దక్కలేదు.

ఇప్పుడు ఇంగ్లీషు సంగతికి వస్తాను. 2022–23 విద్యా సంవత్సరంలో రాష్ట్రంలోని సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం తెచ్చారు. పుస్తకాలు రెండు భాషల్లో అచ్చేశారు. ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదుటి పేజీ తెలుగు. నిజం చెప్పాలంటే ఆలోచన మంచిదే. నాబోటి టీచర్లకు అది ఊతకర్ర అయింది. కానీ ఆ పుస్తకం విప్పిన లంబాడీ పిల్లను తలుచుకోండి. రెండు పేజీలూ ఆమెకు పరాయివే.

అట్లాగని ఇంగ్లీషు వద్దని నేననను. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటకు ఇల్లిల్లూ తిరిగినప్పుడు తల్లులు మొట్టమొదట అడిగేది ఒకటే. "టీచరమ్మా, ఇంగ్లీషు మీడియమేనా?" కాదంటే పొద్దున్నే జహీరాబాద్ నుంచి వచ్చే ప్రైవేటు బడి పసుపుపచ్చ బస్సు వైపు చూస్తారు. వాళ్లకు తెలియక అడగడం లేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక వాడ కోసం భూములు పోయాయి. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. "భూమి ఇచ్చినం, రేపు గేటు కాడ వాచ్‌మన్ నౌకరీ తప్ప మా పిల్లలకు ఇంకేమన్న దొరకాల్నా వద్దా?" అని ఒక తల్లి నన్ను నిలదీసింది. ఇంగ్లీషు వద్దనే మేధావులెవరైనా ఆమె ముందుకు వచ్చి ఆ ముక్క చెప్పాలని నా కోరిక. మేధావుల పిల్లలు ఏ మీడియమో ఆమె తప్పకుండా అడుగుతుంది.

కావలసింది ఇంగ్లీషా, తెలుగా అని కొట్లాడుకుంటూ, పిల్ల నోట్లో ఇప్పటికే ఉన్న మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే నా బాధ. అయిదేళ్ల పిల్ల బడికి ఖాళీ బుర్రతో రాదు. మేకల్ని లెక్కపెట్టగలదు, చుట్టరికాలు విడదీసి చెప్పగలదు, ఏ గడ్డి పశువుకు పడదో చెప్పగలదు. అదంతా ఆమె మాటలో ఉంది. గడప దాటి లోపలికి రాగానే ఆ మాట పనికిరాదంటాం. ఇక ఆమె దగ్గర మిగిలేదేమిటి?

తెలుగిళ్ల పిల్లలకూ ఈ తిప్పలు తప్పలేదు. మా వైపు ఆలుగడ్డ బాగా పండుతుంది. ఆలుగడ్డ తవ్వి మట్టి చేతులతో బడికి వచ్చిన పిల్లవాడు పాత వాచకంలో బంగాళదుంప అని చదివి, అదేదో బంగారంతో చేసిన వస్తువనుకున్నాడు. వాడి ఆనిగెపుకాయను సొరకాయ చేశాం, ఎల్లిగడ్డను వెల్లుల్లి చేశాం. ఇంట్లో వాళ్లమ్మ అనే మాట తప్పు, పుస్తకంలోది ఒప్పు. వాడు మెల్లగా వాళ్లమ్మకే తప్పులు దిద్దడం మొదలుపెడతాడు. చదువు అబ్బుతున్నదని మనం సంతోషిస్తాం.

ఇట్లా ఆలోచిస్తూ ఉన్న రోజుల్లోనే నేను రేడియోలో ఒక గొంతు విన్నాను. రేడియోలో రేడియో ముచ్చట చెబుతున్నానని నవ్వుకోకండి. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో సంగం రేడియో ఉంది, 90.4 ఎఫ్ఎం. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. 2008 అక్టోబరు 15న దాన్ని జస్టిస్ పి.బి. సావంత్ ప్రారంభించారు. గాలిలో సాగే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఉన్నాయన. మైకు పట్టింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే పల్లెటూరి ఆడవాళ్లు. విత్తనాల గురించి, పాత పంటల గురించి, పండుగల గురించి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు. ఎక్కడా మాట సవరించుకోలేదు.

నేను ఉలిక్కిపడ్డాను. వాళ్లు మాట్లాడిన మాటల్లో సగం, నా తరగతిలో ఏ పిల్లయినా అంటే, నేను ఎర్ర సిరాతో సున్నా చుట్టే మాటలు. అవే మాటలతో ఆ ఆడవాళ్లు సజ్జ, కొర్ర, పచ్చజొన్నల గురించి వ్యవసాయ పట్టా ఉన్నవాళ్లకు పాఠం చెబుతున్నారు. ఆ సొసైటీని 1983లో మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు, మైసూరులో పుట్టిన పి.వి. సతీశ్. 2023 మార్చిలో పోయారు. వాళ్లే మాచ్‌నూర్‌లో పచ్చసాలె అని బడి కూడా నడిపారు. అక్కడ పుస్తకంతో పాటు పొలం పని, చేతి పనులు కూడా చదువులో భాగం. అన్ని బడులూ అట్లా అయిపోవాలని నేననను. సర్కారు బడి వీలు వేరు, లెక్కలు వేరు. కానీ ఆ రేడియో విన్న మర్నాటి నుంచి నా ఎర్ర పెన్ను కొంచెం నెమ్మదించింది.

మన తెలుగులో ఈ దారి కొత్తదేమీ కాదు. గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పగానే వాడుక భాష గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, పిల్లలతో పద్యాలు చెప్పిస్తాం. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులన్న సంగతీ, తెలుగు కన్నా ముందు సవర భాష కోసం పాటుపడ్డ సంగతీ ఆ రోజు ఎవరూ ఎత్తరు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ముందు తాను ఆ భాష నేర్చుకున్నాడు. వాచకాలు రాశాడు. బడులు పెట్టాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పిల్ల టీచరు భాష నేర్చుకోవడానికి ముందు, టీచరు పిల్ల భాష నేర్చుకున్నాడన్నమాట. యునెస్కో నిపుణులు మాతృభాషలో చదువు గురించి నివేదిక ఇచ్చింది ఆ తర్వాత ఎప్పుడో, 1953లో.

మన దగ్గరా అట్లాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో చిన్న తరగతుల వాచకాలు తయారుచేశారు. కోయ, గోండి, కొలామీ, సవరతో పాటు లంబాడీ కూడా ఆ ఎనిమిదిలో ఉంది. ఒకటో తరగతిలో ఇంటి భాష ఎక్కువ, తెలుగు తక్కువ. పై తరగతులకు పోయేకొద్దీ తెలుగు పెరుగుతుంది. చక్కని ఏర్పాటు. నేను పనిచేసిన బడుల దాకా ఆ పుస్తకాలు రాలేదు.

సరే, పుస్తకం లేదు. టీచరు తనంతట తాను నేర్చుకోవచ్చు కదా అంటారు మీరు. అనండి. ఒక మామూలు ప్రాథమిక పాఠశాల రోజు ఎట్లా గడుస్తుందో చెబుతాను.

విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. మా బడిలో నలభై మంది చిల్లర. తరగతులు ఐదు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదుకు నాలుగేసి. మొత్తం పద్దెనిమిది. ఆ ఇద్దరిలో ఒకరు హెడ్మాస్టరు పని చూడాలి. ఇంకొకరికి డిప్యుటేషనో, శిక్షణో, ప్రసూతి సెలవో వస్తే మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరూ గుడ్ల లెక్క రాయాలి, బియ్యం నిల్వ చూడాలి, యూడైస్ అనే బడి వివరాల పట్టిక నింపాలి, ఆధార్‌లో పేరు తప్పు పడితే దిద్దించాలి, చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మార్కులు యాప్‌లో ఎక్కించాలి, ఫోను పిల్లల ముఖాల ముందు పెట్టి హాజరు వేయాలి. సిగ్నల్ లేకపోతే ఫోను పట్టుకుని వేపచెట్టు కిందికి పరిగెత్తాలి. ఆ యాప్‌లు తయారుచేసినవాళ్లను ఒక్కసారి ఆ వేపచెట్టు కింద నిలబెట్టాలని ఉంటుంది నాకు.

బడి పని కాని పని టీచరుకు అప్పజెప్పొద్దని చట్టంలోని 27వ సెక్షన్ చెబుతుంది. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులు మాత్రం మినహాయింపు. 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వే వచ్చింది. ప్రైమరీ టీచర్లు పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. ఒంటిపూట బడులు నడిచాయి. సర్వే అక్కర్లేదని నేననడం లేదు. ఆ మధ్యాహ్నాలు ఎవరి ఖాతాలోంచి పోయాయో చెబుతున్నాను.

ఇక దసరా దీపావళి వెళ్తే ఇంకో కష్టం. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి, మా చుట్టుపక్కల తండాల నుంచి జనం చెరకు కొట్టుడుకు కదులుతారు. కొందరు జహీరాబాద్ చుట్టూ తోటలకు, కొందరు కర్ణాటకకు, మహారాష్ట్రకు. గానుగ కాలం అయ్యేదాకా, అంటే ఉగాది దగ్గర పడేదాకా తోటల్లోనే గుడిసెలు. ముసలివాళ్లున్న ఇంట్లో పిల్లలు మిగులుతారు, లేని ఇంట్లో వెంట పోతారు. రిజిస్టర్లో పేరు అట్లాగే ఉంటుంది. ఇంకో వింత ఉంది. ఇక్కడ ఎస్టీ అయిన లంబాడీ, కర్ణాటకలో అడుగుపెట్టగానే ఎస్సీ. మనిషి అదే, బిడ్డ అదే, సర్టిఫికెట్ మాత్రం వేరు. అక్కడి బడిలో చేర్పిద్దామన్నా కాగితాల దగ్గరే ఆగిపోతుంది.

కరోనా వచ్చి 2020 మార్చిలో బడులు మూసినప్పుడు, సెప్టెంబరు నుంచి టీవీలో పాఠాలు వేశారు. చెరకు తోట గుడిసెలో టీవీ ఎక్కడిది?

మొదట చెప్పిన పిల్ల సంగతి మిగిలిపోయింది. బాటి పిల్ల. ఆమె ఉగాది తర్వాత తిరిగి వచ్చింది. ఎండకు నల్లబడి, అరచేతుల్లో చెరకు ఆకు కోతలతో. ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పమన్నాను. మూడు దాకా చెప్పి ఆగింది. నేర్పిందంతా మరిచిపోయిందని డైరీలో రాసుకున్నాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర చూద్దును కదా, పళ్లెం పళ్లెం మీద పేరుస్తూ తనలో తాను లెక్కపెడుతోంది. ఒందు, ఎరడు, మూరు, నాల్కు. ఇరవై దాటింది, ముప్పై దాటింది. తోటల్లో చెరకు మోపులు లెక్కపెట్టి కన్నడంలో అంకెలు నేర్చుకుని వచ్చింది. నేను అడిగిన భాషలో జవాబు లేదు, అంతే. అప్పటికి బాటి అంటే ఏమిటో కూడా నాకు తెలియదు. డైరీలో రాసింది మాత్రం ఆ సాయంత్రమే కొట్టేశాను. ఆమె నాలుగో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

పళ్లేల సంగతి తర్వాతా పిల్లల మాటలు రాసుకోవడానికి నేను కాపీ కొనలేదు. పెళ్లిలో ఆ ముసలమ్మ రొట్టె పెట్టాకే కొన్నాను. చిన్న రూళ్ల కాపీ. పిల్లల నోట విన్న ప్రతి మాటా అందులో రాసేదాన్ని. ఒక గడిలో తెలుగు, పక్కన కన్నడం, ఉర్దూ, లంబాడీ. నీళ్లు, నీరు, పానీ, పాణి. రొట్టె, రొట్టి, రోటీ, బాటి. కంది, తొగరి. అమ్మ గడిలో లంబాడీ వైపు యాడి. వాటిలో కొన్నిటిని పెద్ద అట్ట మీద రాసి గోడకు తగిలించాను. పిల్లలు ఎగబడి చూశారు. తన మాట గోడ మీద ఉందని ఒక పిల్లవాడు వాళ్ల నాయనను చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి మాత్రం ఆ అట్ట ముందు నిలబడి, "తెలుగు పీరియడ్లో ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నారు. తప్పని ఆయన అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగారు. పిల్లలు తొందరగా తెలుగులోకి వస్తారు సార్ అన్నాను. తలూపి, టాయిలెట్ల ఫొటోలు తీసుకుని వెళ్లారు.

నాకు తెలిసింది అంత గొప్ప పద్ధతేమీ కాదు. వాక్యం చెప్పలేను, మాటలే. వందకు మించి ఉండవు. కానీ కొత్తగా చేరిన పిల్లను పేరుతో పిలిచి, ఆమె భాషలో నీళ్లు తాగావా అన్నట్టు ఒక్క ముక్క అంటే, భుజాలు కిందికి దిగడం కంటికి కనపడుతుంది. అక్కడి నుంచి తెలుగు, ఆ మీద ఇంగ్లీషు. తొందర లేదు. పిల్లకు ఏడుపు రాకపోతే పాఠం దానంతటదే వస్తుంది.

2024 అక్టోబరులో డీఎస్సీ ద్వారా 10 వేల మంది కొత్త టీచర్లు వచ్చారు. అందులో ఒకమ్మాయి మా బడికి వచ్చింది. అందోలు వైపు పిల్ల. నాకన్నా చక్కని ఇంగ్లీషు, ఫోనులో వేళ్లు నాట్యం చేస్తాయి. మొదటి రోజు ఒకటో తరగతిలోంచి బయటికి వచ్చి, "మేడం, నేను ఏమడిగినా వీళ్లు మాట్లాడుతలేరు" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నేను ఆ డిసెంబరులో రిటైరయ్యాను. శాలువాలు, దండలు, ఫొటోలు అయిపోయాక, ఆ కాపీ ఆమె చేతిలో పెట్టాను. అట్ట ఊడిపోయింది, ప్లాస్టర్ అంటించి ఉంది.

మొన్నీమధ్య సాయంత్రం ఆమె ఫోను చేసింది. ఒక పిల్ల రోజూ ఒక మాట అంటోందట, బడి గంట కొట్టే ముందు, కిటికీలోంచి బయటికి చూస్తూ. కాపీ అంతా వెతికినా దొరకలేదట. ఆ మాట నాకు రెండుసార్లు పలికి వినిపించింది. నేను కూడా పలికి చూశాను. తెలియలేదు.

"నాకూ తెల్వదమ్మా" అన్నాను. "పొద్దుగాల ఆ పిల్లనే అడుగు. చెప్తే ఆఖరి పేజీలో జాగా ఉన్నది, రాసుకో."